ప్లాన్ ప్రకారం బతకాలా, వచ్చింది వచ్చినట్టు పోనివ్వాలా?

2022 ఏప్రిల్‌లో తెలంగాణలో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ జరిగింది. 2023 మార్చిలో పేపర్ లీక్ బయటపడి ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్ని కూడా రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ వెనక్కి తీసుకుని 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్ 21 నుంచి మెయిన్స్. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని, చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ దొరకాలని పొద్దున్నే వెళ్లి కూర్చున్నవాళ్ల వయసులోంచి రెండున్నరేళ్లు ఇలా గడిచాయి.

ఇన్ని తేదీలు మారిన చోట గోడకు అంటించుకున్న టైమ్‌టేబుల్ ఎన్నాళ్లు నిలుస్తుంది? "ప్లాన్లు వేసి ఏం లాభం, ఏ రోజుకు ఆ రోజు చదువుకుంటే పోలా" అనిపించడం సహజం. అయితే అలా వదిలేసినవాళ్లకు మరో కష్టం ఎదురవుతుంది. పరీక్ష వాయిదా పడిన ప్రతిసారీ మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఏది చదివామో, ఏది రివిజన్ చేయాలో లెక్క ఉండదు. రోజు ఎటు లాగితే అటు పోతుంది. ఉద్యోగాలు చేసేవాళ్లకూ, ఇల్లు నడిపేవాళ్లకూ, రిటైరైనవాళ్లకూ ఇదే ప్రశ్న వేరే రూపంలో వస్తూ ఉంటుంది.

ఈ వాదన ఎంతకీ తెగకపోవడానికి కారణం, రెండు పక్షాలవాళ్లూ ఒకే సంగతి గురించి మాట్లాడకపోవడమే. "జీవితం మన ప్లాన్ ప్రకారం నడవదు" అనేవాళ్ల మనసులో ఉన్నది గంటగంటకూ రాసుకున్న పట్టిక. "ప్లాన్ లేకపోతే ఏ పనీ కాదు" అనేవాళ్లు మాట్లాడుతున్నది ముందుగా ఒక నిర్ణయానికి రావడం గురించి. ఎంత దూరం వరకు ప్లాన్ చేయాలి, ఎంత వివరంగా చేయాలి, దాన్ని గడియారానికి కట్టాలా లేక జరిగే సంఘటనకు కట్టాలా, అసలు ఆ ప్లాన్ చేసే భారం ఎవరిది అన్నవి విడివిడి ప్రశ్నలు. వీటన్నిటినీ కలిపి ఒకటే ప్రశ్నగా అడిగితే జవాబు దొరకదు.

వివరం ఎక్కువైతే ఏమవుతుంది

1980ల మొదట్లో అమెరికాలో డేనియల్ కిర్షెన్‌బామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. చదువు అలవాట్లు మెరుగుపరచుకోవాలని కోర్సులో చేరిన విద్యార్థులు వాళ్లు. కొందరికి రోజువారీ ప్లాన్ రాసుకోమన్నారు, కొందరికి నెలకు సరిపడా పైపైన రాసుకోమన్నారు. రోజువారీ పట్టిక వేసుకున్నవాళ్లే గెలుస్తారని ఎవరైనా అనుకుంటారు. చివరికి నెల ప్లాన్ వాళ్లే మెరుగ్గా నిలిచారు. ఏడాది తర్వాత చూసినా వాళ్లదే పైచేయి.

ఇందులో వింతేమీ లేదు. "ఉదయం 6 నుంచి 8 ఎకానమీ, 8.30 నుంచి 10.30 పాలిటీ" అని రాసుకున్న రోజు తొమ్మిదింటికి ఊరి నుంచి నాన్న ఫోన్ వస్తుంది, లేదా కరెంటు పోతుంది, లేదా రాత్రి సరిగా నిద్ర పట్టదు. ఒక్క గంట జారితే కింద ఉన్నవన్నీ జారతాయి. రాత్రికి చూసుకుంటే సగం పెట్టెల్లో టిక్కులు ఉండవు. అలా నాలుగు రోజులు గడిచాక "నాకు క్రమశిక్షణ లేదు" అన్న నిర్ణయానికి వచ్చేస్తాడు ఆ పట్టిక వేసుకున్న పిల్లాడు. నిజానికి తప్పు ఆ పట్టికది. ఒక్క అనుకోని విషయానికీ చోటు ఇవ్వకుండా వేసిన పట్టిక అది. నెల ప్లాన్‌లో ఈ గొడవ లేదు. ఇవాళ కానిది రేపటికి వెళ్తుంది, లెక్క చెడదు, మనసు విరగదు.

మనం వేసే అంచనాల్లో ఇంకో లోపం కూడా ఉంది. పనులకు పట్టే సమయాన్ని మనిషి తక్కువగా అంచనా వేస్తాడని, గతంలో ఆలస్యమైన అనుభవం ఉన్నా అదే చేస్తాడని 1979లో డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రాశారు. 1994లో కెనడాలో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైఖేల్ రాస్ దీన్ని విద్యార్థుల మీద పరీక్షించి చూశారు. డిగ్రీ థీసిస్ ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులు అన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులు పడుతుందంటే దాదాపు 49 అన్నారు. నిజంగా పట్టినవి 55 రోజులకు పైమాటే. అంటే వాళ్లు ఊహించగలిగిన అతి చెడ్డ పరిస్థితి కూడా అసలు జరిగినదానికన్నా నయంగానే ఉంది. చెప్పిన గడువులో ముగించినవాళ్లు మూడో వంతు కూడా లేరు.

రేపటి పని గురించి ఆలోచించేటప్పుడు మన కళ్ల ముందు ఆ పని ఒక్కటే ఉంటుంది. పోయినసారి మధ్యలో వచ్చిన జ్వరం, పెళ్లి, సర్వర్ డౌన్ గుర్తుకు రావు. అవి పొరపాటున వచ్చిన అడ్డంకులనీ, ఈసారి ఉండవనీ అనుకుంటాం. అందుకే ఒక పనికి ఎంత సమయం పడుతుందో తెలియాలంటే దాని అడుగులన్నీ లెక్కపెట్టడం కన్నా, పోయినసారి అలాంటి పనికి ఎన్ని రోజులు పట్టిందో గుర్తు చేసుకోవడం మేలు. సిలబస్‌లో ఒక చాప్టర్‌కు పోయిన నెల నాలుగు రోజులు పట్టి ఉంటే, వచ్చే నెల చాప్టర్‌కు కూడా నాలుగు రోజులే రాసుకోవాలి. రెండు రోజుల్లో అయిపోతుందని ఆశతో రాసుకున్నది ప్లాన్ కాదు.

కార్తె, వాన, విత్తనం

ప్లాన్‌కూ, వచ్చింది వచ్చినట్టు పోనివ్వడానికీ మధ్య దారి ఏదంటే, మన దగ్గర దానికి చాలా పాత సమాధానం ఉంది. వానాధార సేద్యం చేసే రైతుకు సంవత్సరం మొత్తం కార్తెల లెక్కలో నడుస్తుంది. ఒక్కో కార్తె దాదాపు పద్నాలుగు రోజులు. రోహిణి కార్తె మే చివరి వారంలో మొదలవుతుంది, జూన్ 8 ప్రాంతంలో మృగశిర వస్తుంది, ఆ తర్వాత ఆరుద్ర. మృగశిర నాటికి దుక్కి సిద్ధంగా ఉండాలి, విత్తనాలు ఇంటికి చేరాలి, అప్పో సప్పో తేల్చుకోవాలి. ఇదంతా పక్కా ప్లానే. కానీ విత్తేది మాత్రం కార్తె వచ్చిందని కాదు, వాన పడి నేల పదునెక్కిందని. పత్తి విషయంలో వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏటా చెప్పే మాట కూడా ఇదే: తేలిక నేలల్లో 50-60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60-75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే గింజ వేయమని. తొందరపడి పొడి దుక్కిలో గింజ పెట్టి, వాన ముఖం చాటేస్తే రెండోసారి విత్తనాలు కొనుక్కునే రైతులు ఎందరో.

ఇక్కడ తేదీ లేదు, షరతు ఉంది. వాన పడే రోజు రైతు చేతిలో లేదు. ఆ రోజు వస్తే ఏం చేయాలన్నది మాత్రం ముందే తేలిపోయి ఉంది.

హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ ఆలోచననే దేశమంతటికీ విస్తరించింది. 600కు పైగా జిల్లాలకు తయారైన ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలు దాని చేతి మీదుగా వచ్చాయి. వాటిలో ఉండేది ఇలాంటిదే: రుతుపవనాలు రెండు వారాలు ఆలస్యమైతే ఏ పంట, ఏ రకం వేయాలి, నాలుగు వారాలైతే ఏం చేయాలి, ఆరైతే ఏంటి, ఎనిమిదైతే ఏంటి. అనంతపురం లాంటి చోట వేరుశనగ అదను దాటిపోతే ఉలవల లాంటి పంటలే దిక్కు. వాన రాలేదని తెలిశాక కంగారులో తీసుకునే నిర్ణయానికీ, ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసి పెట్టుకున్న నిర్ణయానికీ మధ్య తేడా ఒక కుటుంబపు ఏడాది ఆదాయమంత ఉంటుంది.

మనస్తత్వ శాస్త్రంలో దీనికి సరిగ్గా సరిపోయే పరిశోధన ఉంది. జర్మనీకి చెందిన పీటర్ గోల్‌విట్జర్ దశాబ్దాల పాటు ఒకే విషయం మీద పనిచేశాడు. "నేను ఇది చేస్తాను" అని గట్టిగా అనుకోవడం వేరు, "ఫలానాది జరిగినప్పుడు ఫలానా చోట ఇది చేస్తాను" అని అనుకోవడం వేరు అని ఆయన చూపించాడు. 1997లో ప్రచురించిన ఒక ప్రయోగంలో విద్యార్థులను క్రిస్మస్ ముందు రోజు రాత్రి ఎలా గడిపారో రెండు రోజుల్లోగా రాసి పంపమని అడిగారు. వారిలో సగం మందిని మాత్రం ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందుగా అనుకోమన్నారు. అలా అనుకున్నవాళ్లలో ముప్పాతిక మంది దాకా సమయానికి రాసి పంపారు. మిగతావాళ్లలో మూడో వంతు మందే పంపారు. 2006లో గోల్‌విట్జర్, పాస్కల్ షీరన్ కలిసి ఇలాంటి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినా ఈ పద్ధతి పనిచేస్తుందనే తేలింది.

అమెరికాలో ఒక కంపెనీ ఉద్యోగులకు ఫ్లూ టీకా గురించి ఉత్తరాలు పంపినప్పుడు కూడా ఇలాంటిదే కనిపించింది. 2011లో కేటీ మిల్క్‌మన్ బృందం ప్రచురించిన ఆ అధ్యయనంలో కొందరి ఉత్తరంలో తేదీ, టైమ్ రాసుకోవడానికి ఖాళీ గడులు అదనంగా పెట్టారు. వాటిని ఎవరికీ చూపించనక్కర్లేదు, ఎవరూ అడగరు. అయినా టీకా వేయించుకున్నవాళ్లు 33 శాతం నుంచి 37 శాతానికి పెరిగారు. చిన్న పెరుగుదలే, నిజమే. కానీ దానికైన ఖర్చు ఉత్తరంలో అచ్చేసిన రెండు గడులు.

అశోక్‌నగర్ విద్యార్థికి ఇది ఎలా పనికొస్తుంది? "రేపు 6 గంటలకు లేచి ఎకానమీ" అని కాకుండా "టిఫిన్ తిని లైబ్రరీలో కూర్చోగానే మొదట ఎకానమీ పుస్తకం తెరుస్తా" అనుకోవచ్చు. ఆరింటికి లేచినా, ఏడున్నరకు లేచినా ఆ మాట చెడదు. "పరీక్ష వాయిదా అని వార్త వస్తే ఆ రోజు, మర్నాడు సెలవు. మూడో రోజు నుంచి బలహీనంగా ఉన్న పేపర్‌తో మొదలు" అని ముందే రాసుకుంటే, వార్త వచ్చినప్పుడు వచ్చే టెన్షన్‌లో కొత్తగా నిర్ణయాలు తీసుకునే బాధ తప్పుతుంది. ఇంటి పనులకైనా అంతే. "రోజూ నడవాలి" అన్నది నెల తిరిగేలోపు మర్చిపోతాం. "పాపను స్కూల్ దగ్గర దించాక అటునుంచి అటే పార్కుకు" అన్నది నిలబడే అవకాశం ఎక్కువ. పాపను దించడం ఎలాగూ తప్పదు, నడక దాన్ని పట్టుకుని వెళ్తుంది.

ఇలాంటి షరతులు మరీ ఎక్కువ పెట్టుకున్నా పని చెడుతుంది. ఒక వారానికి రెండో మూడో చాలు.

మనసు మీద బరువు

ప్లాన్ చేస్తే ఎక్కువ పనులు అవుతాయన్నది అందరూ చెప్పే మాట. 2021లో బ్రాడ్ ఐయాన్, మరో ఇద్దరు పరిశోధకులు సమయ నిర్వహణ మీద వచ్చిన 158 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఇంకో సంగతి తేలింది. సమయాన్ని పద్ధతిగా వాడుకోవడానికి పనితీరుతో సంబంధం ఉంది కానీ అంతకన్నా గట్టి సంబంధం జీవితంలో తృప్తితో ఉంది. నాకు ఇది చాలా ముఖ్యమైన విషయంగా తోస్తుంది. మనం ప్లాన్‌ను ఎప్పుడూ ఎన్ని పనులయ్యాయన్న లెక్కతోనే కొలుస్తాం, దానివల్ల రాత్రి ఎంత నిమ్మళంగా పడుకున్నామో చూసుకోం.

దీని వెనక కారణం కొంతవరకు తెలుసు. ముగియని పని మనసులో మెదులుతూ ఉంటుందన్న ఆలోచన 1920ల నాటి బ్లూమా జైగార్నిక్ పరిశోధన నుంచి ఉంది. 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని కాస్త ముందుకు తీసుకెళ్లారు. ఆ మెదలడం ఆగాలంటే పని పూర్తి చేయక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో తేల్చుకుంటే చాలని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. 2018లో అమెరికాలోని బేలర్ యూనివర్సిటీలో మైఖేల్ స్కల్లిన్ బృందం 57 మందిని రాత్రి నిద్రకు ముందు ఐదు నిమిషాలు రాయమంది. రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్ల కన్నా దాదాపు తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపోయారు. చిన్న అధ్యయనమే అయినా ఇంట్లో ఎవరికి వారు చేసి చూసుకోగలిగినది.

వదిలేయాల్సిన చోటు

అన్నిటినీ ప్లాన్ చేయడం వల్ల నష్టం కూడా ఉంది. 2016లో గాబ్రియేలా టోనియెట్టో, సెలిన్ మాల్కోక్ అనే పరిశోధకులు సరదా పనుల మీద వరుసగా ప్రయోగాలు చేశారు. ఫ్రెండ్‌తో కాఫీ, సినిమా లాంటివాటికి కచ్చితమైన టైమ్ పెట్టుకుంటే వాటిలోని ఆనందం తగ్గింది, అవి కూడా డ్యూటీల్లా అనిపించాయి. "సాయంత్రం కలుద్దాం" అని పైపైన అనుకుంటే మాత్రం ఆ నష్టం లేదు. ఆదివారం మధ్యాహ్నం ఇంటికి వచ్చిన చుట్టంతో కబుర్లకు గంటన్నర కేటాయించడం ఎవరికైనా ఎబ్బెట్టుగా అనిపించేది ఇందుకే.

మన పెళ్లిళ్లు గమనించండి. ముహూర్తం రాత్రి 11 గంటల 42 నిమిషాలకు అంటే ఆ నిమిషానికే జీలకర్ర-బెల్లం పెట్టాలి, అందరి కళ్లూ గడియారం మీదే. ఆ ఒక్క క్షణం చుట్టూ ఉన్న మిగతావన్నీ ఒకదాని వెనక ఒకటి జరుగుతూ పోతాయి. ఇది అయ్యాక అది. భోజనాలు ఎన్నింటికని ఎవరూ చీటీ రాసి పెట్టరు. ఒక రోజును కూడా ఇలాగే నడపవచ్చని నా అభిప్రాయం. కదలకూడనిది ఒకటో రెండో ఉండాలి: అమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే టైమ్, పిల్లాడి స్కూల్ బస్సు, మనకు చాలా ముఖ్యమైన పనికి ఓ రెండు గంటలు. మిగతావి వరుసగా సాగిపోవచ్చు.

అయితే ఈ రోజుల్లో "వచ్చింది వచ్చినట్టు పోనిద్దాం" అనేవాళ్లు ఒక మార్పును పట్టించుకోవాలి. పాతికేళ్ల కిందట మధ్యాహ్నం తీరిగ్గా అరుగు మీద కూర్చుంటే ఆలోచనలు వాటంతట అవి ఎటో పోయేవి. ఇప్పుడు తీరిక దొరికిందంటే చెయ్యి ఫోన్ మీదకే పోతుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్‌లో గ్లోరియా మార్క్ ఇరవై ఏళ్లుగా దీన్ని కొలుస్తోంది. 2004 ప్రాంతంలో జనం ఒక స్క్రీన్ మీద సగటున రెండున్నర నిమిషాలు ఆగేవారు. ఈ మధ్య లెక్కల్లో అది 47 సెకన్లకు పడిపోయింది. ఆ ఫోన్‌లో తర్వాతి వీడియో ఏది రావాలో ఎక్కడో ఒక కంపెనీ చాలా శ్రద్ధగా ప్లాన్ చేసి పెట్టింది. మనం ప్లాన్ మానేస్తే ఆ ఖాళీని వాళ్ల ప్లాన్ నింపుతుంది. నిజంగా ఊరికే ఉండాలన్నా, పనిలో లీనమైపోవాలన్నా, ఫోన్ పక్క గదిలో పెట్టాలన్న ఒక్క నిర్ణయం ముందే జరగాలి. పనిలో లీనమవడం మీద జీవితమంతా పరిశోధించిన మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ కూడా ఆ స్థితికి కావాల్సినవాటిలో స్పష్టమైన లక్ష్యాన్ని ముందు చెప్పాడు. ఏం చేయబోతున్నామో తెలియకుండా కూర్చున్నవాళ్లకు అది అంత తేలిగ్గా దొరకదు.

ప్లాన్ ఎవరు చేస్తున్నారు

"నేను ప్లాన్లు వేసుకోను, హాయిగా ఉంటా" అనే మనిషి ఇంట్లో పాలు ఎలా వస్తున్నాయి? గ్యాస్ బుక్ చేసేదెవరు, పాప టీకా తేదీ గుర్తుపెట్టుకునేదెవరు, ఊళ్లో మామయ్య షష్టిపూర్తికి ఏం పట్టుకెళ్లాలో నెల ముందు ఆలోచించేదెవరు? చాలా ఇళ్లలో ఒకరు తేలిగ్గా ఉండగలగడానికి కారణం ఇంకొకరు అన్నీ మోయడం. ఆ ఇంకొకరు ఎక్కువగా ఆడవాళ్లే. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2019లో ఇవి 299, 97. ఈ లెక్కలో చేతుల పని ఉంది. గుర్తుపెట్టుకునే పనిని, ముందుచూపుతో తలలో తిప్పుకునే పనిని నిమిషాల్లో కొలవడం కష్టం.

అలాంటి ఇల్లాలికి "ఉదయాన్నే మీకోసం రెండు గంటలు కేటాయించుకోండి" అని చెప్పడం అన్యాయం. ఆమె రోజును ఆమె కాక మిగతా అందరూ తెంపుతుంటారు. అత్తగారి మందులు, పిల్లాడి హోంవర్క్, ఇంటాయన ఆఫీస్ టైమ్ అన్నీ అయ్యాక మిగిలే ముక్కల్లో ఆమె బతుకుతోంది. రోజుకూలికి పోయే మనిషికీ, యాప్‌లో ఆర్డర్ మోగితే బండి తీసే కుర్రాడికీ కూడా రోజు వాళ్ల చేతిలో లేదు. వీళ్లకు ప్లాన్ చేతకాదని అనడం తప్పు. ప్లాన్ చేసుకోవడానికి ముందు మన సమయం మన మాట వినాలి. అది అందరికీ సమానంగా దొరకడం లేదు.

ఇంటి వరకు మాత్రం దీన్ని మార్చడం సాధ్యమే. "ఏదైనా సాయం కావాలంటే చెప్పు" అంటే చెప్పే పని కూడా ఆమె మీదే పడుతుంది. దానికి బదులు ఒక విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా తీసేసుకోవాలి. పిల్లల ఆరోగ్యం అనుకుంటే, టీకా తేదీ చూడటం, అపాయింట్‌మెంట్ తీసుకోవడం, తీసుకెళ్లడం, మందులు అయిపోకముందే తెచ్చిపెట్టడం, మళ్లీ ఎప్పుడు వెళ్లాలో క్యాలెండర్ మీద రాయడం అన్నీ ఒక్కరివే. ఆ సంగతి ఇంకొకరి తలలోంచి పూర్తిగా బయటికి రావాలి. ఏదైనా తేదీ తప్పితే ఆమె గుర్తు చేయలేదన్న మాట రాకూడదు.